వెబ్ చిరునామాను సరిచూడటం: పాస్‌పోర్టు సైటు నుంచి డార్క్ వెబ్ దాకా

కోనసీమలో రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు చాలామంది. వారికి మొదట కావలసింది పాస్‌పోర్టు. దరఖాస్తుదారుల నుంచి డబ్బు, వివరాలు కాజేసే నకిలీ సైట్ల గురించి విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పేర్లతో సహా హెచ్చరించింది. ‘పాస్‌పోర్ట్-సేవా.ఇన్’ వాటిలో ఒకటి. అసలు చిరునామా ‘పాస్‌పోర్ట్‌ఇండియా.గవ్.ఇన్’. తేడా గమనించారా?

తపాలా చిరునామాలో ఊరు, మండలం, జిల్లా అంటూ చివరికి వెళ్ళేకొద్దీ పరిధి పెరుగుతుంది. వెబ్ చిరునామా కూడా అంతే. మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి భాగాన్ని చూడండి. ‘గవ్.ఇన్’ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, ఒట్టి ‘.ఇన్’ ఎవరైనా కొనుక్కోవచ్చు. తాళం గుర్తును నమ్మకండి. సమాచారం దారిలో ఎవరికీ కనబడదని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగ కాదని కాదు. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇక్కడ పేర్లు కేటాయించే వ్యవస్థ ఒకటుంది. డార్క్ వెబ్‌లో అదీ లేదు. టార్ బ్రౌజర్‌తో తెరిచే ‘.ఆనియన్’ చిరునామాలో 56 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అది పేరు కాదు, ఆ సైటు పబ్లిక్ కీ నుంచి పుట్టిన వరుస. కాబట్టి మొత్తం వరుసను ఎవరూ నకలు చేయలేరు. మొదటి కొన్ని అక్షరాలను మాత్రం చేయగలరు. కంప్యూటర్‌తో కొత్త కీలు పుట్టిస్తూ పోతే ఎప్పుడో ఒకటి కుదురుతుంది. ఒక్కో అక్షరానికి శ్రమ 32 రెట్లు పెరుగుతుంది. ఎనిమిది అక్షరాలకు దాదాపు లక్ష కోట్ల ప్రయత్నాలు. అసాధ్యమేమీ కాదు: ఫేస్‌బుక్ తన ఆనియన్ చిరునామా మొదట్లో తన పేరునే అలా రప్పించుకుంది. ఆ పని మోసగాడూ చేస్తాడు. చివరి అక్షరం చూసినా లాభం లేదు. ఇప్పటి ఆనియన్ చిరునామాలన్నీ ‘డి’తోనే ముగుస్తాయి. మధ్య భాగంతో సహా మొత్తం సరిపోల్చాలి.

దేనితో సరిపోల్చాలన్నదే అసలు చిక్కు. ఎవరో పంపిన జాబితాతో పోలిస్తే నకిలీని నకిలీతో పోల్చినట్టే. బీబీసీ 2019లో ఆనియన్ సైటు ప్రారంభించి, ఆ చిరునామాను తన మామూలు సైటులోనే ప్రకటించింది. అలాంటి చోటు నుంచే తీసుకోండి. కొన్ని సైట్లను టార్ బ్రౌజర్‌లో తెరిస్తే, వాటికి ఆనియన్ చిరునామా ఉందని పై పట్టీలోనే కనిపిస్తుంది. ఒకసారి సరిచూశాక బుక్‌మార్క్ చేసుకుని, తరువాత అక్కడి నుంచే తెరవండి.