సెఫార్దీ యూదుల తోరాగ్రంథములు: లేఖనాచారము

యూదుల పరమప్రమాణగ్రంథము తోరా. ఇది పంచకాండాత్మకము. గృహములందును పాఠశాలలందును వారు దీనిని అచ్చుపుస్తకములలో చదువుకొందురు. ప్రార్థనామందిరమున సమాజము నెదుట విధ్యుక్తముగా పఠించుటకు మాత్రము అచ్చుప్రతి పనికిరాదు. చర్మముపై చేతితో వ్రాసి చుట్టిన ప్రతియే కావలెను. ముద్రణము వెలసి అయిదు శతాబ్దములు గడచినను ఈ నియమము సడలలేదు. 1492లో స్పెయినునుండి వెడలగొట్టబడినవారి సంతతికిని వారి యాచారముల ననుసరించువారికిని సెఫార్దీలని పేరు. పాఠపరిష్కరణమునందు శ్రద్ధగలవారికి వీరి లేఖనసంప్రదాయము మిక్కిలి పరిశీలనార్హము.

విహితమైన పశువుయొక్క చర్మమును సిద్ధపరచి, దానిపై సిరా లేకయే మొనగల పనిముట్టుతో గీతలు గీయుదురు. దేవనాగరియందువలెనే హీబ్రూ అక్షరములును గీతక్రింద వ్రేలాడును. సెఫార్దీ లేఖకులు రెల్లుకలమును, అష్కెనాజీలనబడు ఉత్తరయూరపు శాఖవారు పక్షియీకను వాడుట పరిపాటి. అక్షరముల వంపులయందును ఈ యిరుశాఖలకు భేదము కలదు. గ్రంథమంతయు కంఠస్థమైనను లేఖకుడు జ్ఞాపకమునుబట్టి వ్రాయరాదు. మాతృకను ఎదుట నుంచుకొని, పదమును పైకి ఉచ్చరించి, పిమ్మట వ్రాయవలెను. దైవనామము వచ్చినప్పుడు తత్సంకల్పముతోనే వ్రాయవలెను. పత్రములను పశువుల నరములతో కుట్టుదురు.

గ్రంథమునందలి అక్షరములు 304805 అని లెక్క. వానిలో ఒకటి లోపించినను, ఒకటి అధికమైనను, రెండక్షరము లొండొంటి నంటుకొన్నను ఆ ప్రతి పఠనార్హము కాదు. సామాన్యపదమున తప్పు దొరలిన గీకి దిద్దవచ్చును. దైవనామమును చెరుపరాదు గనుక అచ్చట దోషము వచ్చిన ఆ పత్రమునే తొలగించి, మర్యాదతో భూస్థాపితము చేయుదురు. ఆంధ్రదేశమున తాటాకుప్రతులు వ్రాసినవారు తుదిని తప్పులు మన్నింపుడని పండితులను వేడి, మాతృక యెట్లున్నదో అట్లే వ్రాసితిమని చెప్పి తప్పించుకొనుట ఎల్లరెరిగినదే. ఆ సౌకర్యము యూదలేఖకునకు లేదు.

ఇంత కట్టుబాటున్నను ప్రతులు భేదించినవి. కోర్డోవాలో జన్మించి ఈజిప్టున స్థిరపడిన మైమోనిడీసు (1138–1204) తన కాలపు ప్రతులలో ప్రకరణవిభాగములు ఒకదానితో నొకటి పొసగకుండుట గమనించెను. బెన్ ఆషేరు అను విద్వాంసుడు పరిష్కరించిన పుస్తకమును ప్రమాణముగా గైకొని, ప్రకరణముల పట్టికను తన ధర్మశాస్త్రగ్రంథమున చేర్చెను. అలెప్పో నగరమున శతాబ్దములు భద్రపరుపబడిన ప్రతియే ఆ పుస్తకమని పలువురు పండితుల నిర్ణయము. 1947 నాటి అల్లరుల పిమ్మట అందలి తోరాభాగము చాలవరకు కానరాకపోయెను. మూలము పోయినను, మైమోనిడీసు పట్టికవలన అందలి ప్రకరణవిభాగము నేటికిని తెలియుచున్నది.

చిత్రమేమనగా, ఇంత జాగ్రత్తతో వ్రాసిన ప్రతియందు అచ్చుల గుర్తులు లేవు, స్వరచిహ్నములు లేవు, వాక్యాంతమును తెలుపు గుర్తును లేదు. ఇవన్నియు పాఠకుడు గురుముఖమున నేర్చి కంఠస్థము చేసికొని రావలసినవి. పాఠము తప్పెనేని వినువారు అప్పుడే సవరింతురు. వేదాధ్యయనమున వ్రాతకు ప్రాధాన్యము లేదు. ఇచ్చటనో, వ్రాతలేని కంఠమును చెల్లదు, కంఠములేని వ్రాతయు చాలదు.

పఠనమునకు పూర్వమే గ్రంథమును విప్పి, పైకెత్తి, సమాజమునకు అక్షరములను చూపుట సెఫార్దీల యాచారము. అష్కెనాజీలు పఠనానంతరము చూపుదురు. చర్మమును వట్టిచేతితో తాకరాదు గనుక వరుసను చూపుటకు కొనయందు చిన్న హస్తము గల వెండిపుల్లను వాడుదురు. ఆమ్‌స్టర్‌డాము, లండను నగరముల సెఫార్దీలు గ్రంథమునకు పట్టుతొడుగు వేయుదురు. తూర్పుదేశములవారు రెండుగా తెరచుకొను గుండ్రని కొయ్యపెట్టెయందుంచి, నిలువుగా నిలిపియే చదువుదురు. కొనలయందలి వెండి యలంకారములకు దానిమ్మపండ్లను అర్థమిచ్చు రిమ్మోనిములను పేరు కలదు. పదునైదవ శతాబ్దమున సిసిలీలో చేయబడిన జత యొకటి నేడు మయోర్కా ద్వీపమున పాల్మా నగరపు క్రైస్తవదేవాలయ భాండాగారమున నున్నది. దానిని చేయించిన సమాజము 1492 నాటి శాసనముచేత ఆ ద్వీపమును విడువవలసివచ్చెను.

స్పెయిను విడిచినవారిలో కొందరు కొచ్చిన్ చేరి, అచ్చట పరదేశీలనబడి, 1568లో మందిరము నిర్మించుకొనిరి. 1948 తరువాత కొచ్చిన్ యూదులలో పెక్కురు ఇజ్రాయేలు దేశమునకు తరలిపోయిరి. ఆ తీరమునందే పరదేశీలకు పూర్వమునుండి వసించు యూదులయొద్ద 1806 ప్రాంతమున క్లాడియస్ బుకానన్ ఒక తోరాప్రతిని సంపాదించి, ఇంగ్లాండునకు కొనిపోయెను. అది ఎఱ్ఱరంగు వేసిన మేకతోళ్లపై వ్రాయబడినది, పత్రములు 37, కొంతభాగము లోపించినది. నేడది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది. థామస్ యేట్సు దానిని యూరపు ముద్రితపాఠముతో అక్షరశః పోల్చి 1812లో ఫలితమును ప్రకటించెను. కనబడిన భేదములు నలుబదికి మించలేదు, అవియు స్వల్పములే.