విదేశంలో పెళ్లి బుక్ చేశాక ఆ దేశం దివాలా తీస్తే? మా ఇంట్లో జరిగిన కథ

నేను కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నప్పుడు, సర్వర్ పడిపోతే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకునేవాళ్లం. మా పిన్ని కూతురి పెళ్లికి మాత్రం ఆ పని ఎవరూ చేయలేదు. నేను కూడా చేయలేదు.

2022 జనవరిలో శ్రీలంకలోని బెంతోటలో ఒక బీచ్ రిసార్ట్ బుక్ చేశాం. జూన్‌లో ముహూర్తం, 80 మంది చుట్టాలు. 40 శాతం అడ్వాన్స్, మన డబ్బుల్లో ఆరు లక్షలు. మార్చి మొదట్లో డాలర్‌కి 200 దగ్గరున్న లంక రూపాయి, మే నాటికి 360 దాకా పోయింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేమని ప్రభుత్వమే చెప్పేసింది.

బాబాయ్ మాత్రం ఖుషీ. "వాళ్ల రూపాయి పడితే మనకి చవకే కదరా?" అన్నాడు. కాదు. మన కాంట్రాక్ట్ డాలర్లలో ఉంది. పైగా ఆ నెలల్లో మన రూపాయి కూడా తగ్గింది, కాబట్టి మిగతా 60 శాతానికి మనం ఎక్కువే కట్టాలి. కాంట్రాక్ట్ ఏ కరెన్సీలో ఉందో ముందు చూడండి.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. క్యాన్సిల్ చేద్దామని ఫోన్ చేస్తే, "మేం తెరిచే ఉన్నాం, జనరేటర్ ఉంది, మీరు రాకపోతే అడ్వాన్స్ రాదు" అన్నారు. ఫోర్స్ మజూర్ క్లాజ్ చదివా. హోటల్ సర్వీస్ ఇవ్వలేకపోతేనే అది పనిచేస్తుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు రావడానికి మన బస్సుకి డీజిల్ దొరక్కపోతే? ఆ మాట అందులో లేదు. పెట్రోల్ బంకుల దగ్గర జనం రోజుల తరబడి లైన్లో ఉన్న టైమ్ అది!

అందుకే సైన్ చేసేముందే విడివిడిగా రాయించండి: కర్ఫ్యూ పెడితే, ఎయిర్‌పోర్ట్ మూస్తే, డీజిల్ లేక అతిథుల్ని తీసుకురాలేకపోతే, రోజుకి ఇన్ని గంటలకు మించి కరెంట్ పోతే. ఒక్కోదానికి రిఫండా, డేట్ మార్పా అన్నది కూడా. "ఒకసారి డేట్ మార్చుకోవచ్చు" అంటే సరిపోదండీ. ఆషాఢం, మూఢం తీసేస్తే మనకి మిగిలేవే కొన్ని ముహూర్తాలు. అదే రేటుకి, కనీసం రెండు సార్లు అని అడగండి.

డబ్బు కట్టడం సంగతి. మేం బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశాం, వెనక్కి లాగే దారి లేదు. కార్డ్‌తో కడితే, హోటల్ మూతపడినప్పుడు బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేసే ఛాన్స్ ఉంటుంది. మనసు మార్చుకుంటే మాత్రం అదీ ఉండదు. ఇన్సూరెన్స్ కూడా గొడవ వార్తల్లోకి రాకముందే తీసుకోవాలి. తర్వాత తీసుకుంటే, ముందే తెలిసిన రిస్క్ అని క్లెయిమ్ కొట్టేస్తారు.

మమ్మల్ని కాపాడింది ఇంకా కట్టని రెండో వాయిదా. మేలో అది కట్టేముందు మెయిల్ పెట్టాం: డిసెంబర్‌కి మార్చండి, పాత రేటే, డీజిల్ క్లాజ్ చేర్చండి, ఆ రోజే కడతాం. వాళ్లకి కూడా డాలర్లు కావాలి కదా. రెండు రోజుల్లో ఒప్పుకున్నారు.

జూన్ చివర్లో, అత్యవసర సర్వీసులకి తప్ప పెట్రోల్, డీజిల్ అమ్మం అని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. పెళ్లి డిసెంబర్‌లో అదే బీచ్‌లో జరిగింది. వచ్చింది మాత్రం 50 మందే. మిగతావాళ్లు జూన్‌కి నాన్ రిఫండబుల్ టికెట్లు కొనేసి ఉన్నారు. ఆ సంగతి ముందే చెప్పలేదని మా పెద్దత్త ఇప్పటికీ బాబాయ్‌తో మాట్లాడట్లేదు.