చేతికి తేలికైన దోటి

మునక్కాయలు కోయాలి. మేకలకు రొట్ట దించాలి. చెట్టు ఎక్కేదెవరు? మునగ కొమ్మ పెళుసు. కాలు పెడితే పుటుక్కున విరుగుతుంది. అందుకే దోటి కావాలి.

దోటి చాలా ఇళ్లలో ఉంటుంది. కానీ అది మగవాళ్లు తమ ఎత్తుకు, తమ బలానికి చేసుకున్నది. మనం పడితే పావుగంటకే భుజాలు లాగేస్తాయి. "నీకు చేతకాదులే" అంటారు. చేతకాక కాదక్కా, దోటి బరువు!

ఆ బరువు ఎక్కడుంది? నీళ్ల చెంబు ఒంటికి దగ్గరగా పట్టుకోండి. బరువు అనిపించదు. అదే చెంబును చెయ్యి చాచి పట్టుకోండి. కాసేపటికే చెయ్యి వణుకుతుంది. దోటీ అంతే. కొసనున్న బరువే మనల్ని అలసగొడుతుంది. కాబట్టి కొసకు చిన్న కొడవలి చాలు. కర్ర లావు మొదలు చేతిలో ఉండాలి, సన్న కొస పైకి ఉండాలి.

పచ్చి వెదురు బరువు. బాగా ఆరినది తేలిక. కొనేముందు పగుళ్లు చూడండి. కర్రను పైకెత్తి వంద లెక్కపెట్టండి. ఈలోపే చేతులు వణికితే ఆ కర్ర మీకు వద్దు. పొడవు కూడా కొమ్మకు అందేంత ఉంటే చాలు.

ఇనప గొట్టం మాట మరచిపోండి. అదే సైజు అల్యూమినియం గొట్టం దానిలో సుమారు మూడో వంతే తూగుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ దానిలో కరెంటు పారుతుంది. మన చెట్ల పక్కనే తీగలుంటాయి కదా! పెద్ద లైనులో 11,000 వోల్టులు ఉంటాయి. దోటి తీగకు తగలక్కరలేదు, బాగా దగ్గరికి వెళ్లినా ప్రాణం పోవచ్చు.

మరి వెదురైతే భయం లేదా? ఉంది. తడిసిన వెదురులో కూడా కరెంటు వస్తుంది. తీగ దగ్గరి కొమ్మ జోలికి ఏ దోటితోనూ వెళ్లొద్దు. లైన్‌మన్‌కు చెప్పండి.

మామిడికాయలకు కొడవలితో పాటు చిక్కం కూడా కట్టాలి. కాయ నేల మీద పడితే దెబ్బ తింటుంది, నిలవుండదు.

కొమ్మ కింద నిలబడి లాగకండి. పక్కకు జరిగి లాగండి. కొడవలి కట్టు వదులైతే అది నెత్తిమీదే పడుతుంది. రోజూ కట్టు చూసుకున్నాకే దోటి ఎత్తండి.

బొటనవేలి కన్నా లావు కొమ్మకు కొడవలి చాలదు. కర్రకు బిగించే రంపం కావాలి. దాన్ని పొదుపు సంఘంలో నలుగురూ కలిసి కొనుక్కోవచ్చు. ఏడాదికి నాలుగు రోజుల పనికి ఇంటికొకటి ఎందుకు?