పేజీ మూలలో చాంద్: రెండు వైపుల నుంచి తెరిచే పుస్తకంలో కదిలే బొమ్మ ఎలా పెట్టాలి?

పోయిన రంజాన్‌కి బార్కస్‌లో మా గల్లీ పిల్లల కోసం మేం నలుగురం స్నేహితులం కలిసి ఒక చిన్న పుస్తకం వేశాం. 64 పేజీలు. ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు, రెండో వైపు నుంచి తెరిస్తే ఉర్దూ, రెండూ మధ్యలో కలుస్తాయి. సహర్, ఇఫ్తార్ టైములు, దువాలు, నాలుగైదు కథలు. "వార్తలు రాసేవాడివి, బీకాం చదివావు, లెక్కలు వచ్చు" అని పేజీల సెట్టింగ్ నా నెత్తిన పెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. పిల్లలకు సరదాగా ఉంటుందని ప్రతి పేజీ కింది మూలలో రూపాయి బిళ్లంత చాంద్ బొమ్మ పెట్టాను. బొటనవేలితో పేజీలు గబగబా వదిలితే నెలవంక పెరిగి పున్నమి చంద్రుడై, మళ్లీ తగ్గిపోవాలి.

పిల్లలు టైములు చూశారో లేదో కానీ బొమ్మ మాత్రం రోజంతా ఆడించారు. మూడో రోజు అసర్ తర్వాత మస్జిద్ బయట ఒక పెద్దాయన నన్ను ఆపారు. మేమంతా చాచా అంటాం. "బేటా, ఈద్ చాంద్ రెండుసార్లు వేశావేంటి? నెల మొదట్లోనూ అదే, చివర్లోనూ అదే. నువ్వు సహర్‌కి లేవవా?" అన్నారు. పక్కనున్న ఇంకొకాయన నవ్వుతూనే అన్న మాట నాకు గట్టిగా తగిలింది: "చాంద్ తప్పు వేసినోళ్లు టైములు సరిగ్గా వేశారని గ్యారంటీ ఏంటి?"

టైములు సరిగ్గానే ఉన్నాయి. బొమ్మే తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. మన ఇళ్లల్లో, మదర్సాల్లో, స్కూళ్లలో రెండు భాషల పుస్తకాలు వేసేవాళ్లు ఎవరైనా ఇదే గుంతలో పడొచ్చు. అందుకే రాస్తున్నా.

ఈ ఆట సినిమా కంటే పాతది. ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ బార్న్స్ లినెట్ 1868లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు, కైనియోగ్రాఫ్ అని పేరు పెట్టాడు. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి సినిమా చూపించింది 1895లో. అంటే 27 ఏళ్ల ముందే పుస్తకంలో బొమ్మ కదిలింది. కంటికి సెకనుకు పది పన్నెండు బొమ్మలు వరసగా కనిపిస్తే చాలు, విడివిడిగా కాకుండా ఒకే కదలికలా అనిపిస్తాయి. బొటనవేలితో పేజీలు వదిలే వేగం దాదాపు అంతే ఉంటుంది. లెక్కల నోట్‌బుక్ మూలల్లో గాలిపటం గీసి టీచర్ చేత తిట్లు తిన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

పెన్సిల్‌తో గీసేటప్పుడు తప్పు జరగదు, ఎందుకంటే చేయి ఏ పేజీ మీద ఉందో కళ్లు చూస్తుంటాయి. కంప్యూటర్‌లో పేజీలు పెట్టేటప్పుడు మనం నమ్ముకునేది పేజీ నంబర్‌ను. అక్కడే మోసపోతాం.

బుక్ క్రికెట్ గుర్తుందా? పుస్తకం టక్కున తెరిచి, ఎడమ పేజీ నంబర్‌లో చివరి అంకె ఎంతుంటే అన్ని రన్నులు, సున్నా వస్తే ఔట్. 3 రన్నులు, 5 రన్నులు ఎప్పుడూ రావు, గమనించారా? తెలుగు, ఇంగ్లిష్ పుస్తకాల్లో ఎడమ పేజీకి ఎప్పుడూ సరి సంఖ్యే ఉంటుంది, బేసి సంఖ్యలన్నీ కుడి వైపే. కదిలే బొమ్మకు కూడా ఇదే సూత్రం. ఎడమ చేత్తో పుస్తకం వీపు పట్టుకుని, కుడి బొటనవేలితో మొదటి నుంచి చివరికి పేజీలు వదిలితే కంటికి కనిపించేది కుడి పేజీల కింది మూల మాత్రమే. 64 పేజీల పుస్తకంలో మనకు దొరికేది 32 బొమ్మలే, అంటే రెండు మూడు సెకన్ల ఆట. ఎడమ పేజీల మూలలో ఏం గీసినా ఆ ఆటలో కనిపించదు.

ఉర్దూ పుస్తకంలో ఇదంతా తిరగబడుతుంది. వీపు కుడి వైపు, బేసి పేజీలు ఎడమ వైపు. కుడి చేత్తో పుస్తకం పట్టుకుని ఎడమ బొటనవేలితో పేజీలు వదలాలి, బొమ్మ ఎడమ కింది మూలలో ఉండాలి. బార్కస్ పిల్లలకు రెండు చేతులూ అలవాటే. నిజాం ఫౌజులోని అరబ్ సిపాయిల బ్యారక్స్ వల్ల ఈ పేటకు బార్కస్ అని పేరొచ్చింది. హజ్రమౌత్ నుంచి వచ్చిన ఆ కుటుంబాల పిల్లలు, మాలాగా జిల్లాల నుంచి వచ్చి తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే మక్తబ్‌లో కూర్చుంటారు. అక్కడ ఖాయిదా కుడి నుంచి ఎడమకు తిప్పుతారు. స్కూల్‌కి వెళ్లాక తెలుగు వాచకం ఎడమ నుంచి కుడికి. 2018 చట్టంతో తెలంగాణ స్కూళ్లలో తెలుగు తప్పనిసరి సబ్జెక్టు అయ్యాక, ఇంట్లో తెలుగు లేని పిల్లల చేతుల్లోకి కూడా ఆ వాచకం వచ్చింది. మా పుస్తకానికి రెండు అట్టలు పెట్టింది అందుకే. దాదా ఒక వైపు నుంచి చదువుతారు, మనవరాలు రెండో వైపు నుంచి.

ఇక నా తప్పు. తెలుగు భాగానికి 1 నుంచి 32 నంబర్లు. ఉర్దూ భాగానికీ దాని అట్ట నుంచి 1 నుంచి 32 నంబర్లు. నేను కంప్యూటర్‌కు చెప్పింది ఒకటే మాట: పేజీ నంబర్‌ను బట్టి బొమ్మ పెట్టు, నంబర్ పెరిగేకొద్దీ తర్వాతి రాత్రి చాంద్. తెలుగు వైపు నుంచి పేజీలు వదిలితే మొదటి సగం బ్రహ్మాండం, పదిహేనో రాత్రికి నిండు చంద్రుడు. అక్కడ ఉర్దూ భాగం మొదలవుతుంది. ఈ వైపు నుంచి పోతుంటే ఆ నంబర్లు 32, 30, 28 అని దిగిపోతుంటాయి. నంబర్‌తో పాటు బొమ్మ కూడా వెనక్కి నడిచింది: పదిహేను, పద్నాలుగు, పదమూడు... చివరికి మళ్లీ ఒకటో రాత్రి నెలవంక.

పైపైన చూస్తే ఏ లోపం లేదు. చంద్రుడు పెరుగుతున్నాడు, తగ్గుతున్నాడు. తేడా అంతా వెలుగు ఏ వైపు ఉందన్న దాంట్లోనే. నెల మొదట మగ్రిబ్ వేళ పడమట కనిపించే నెలవంకకు వెలుగు కుడి వైపు. నెలాఖరున, 26, 27 తారీఖుల్లో సహర్ టైముకు మేడ ఎక్కి తూర్పున చూస్తే కనిపించే సన్నటి చాంద్‌కు వెలుగు ఎడమ వైపు. (హైదరాబాద్‌లో నెలవంక చాలాసార్లు పడవలా పడుకున్నట్టు ఉంటుంది, కాబట్టి కుడి కింద, ఎడమ కింద అనుకోండి.) ఎన్నో ఏళ్లుగా సహర్‌కు లేచి ఆకాశం చూస్తున్న మనిషికి అది పట్టుకోవడం కష్టం కాలేదు. రాత్రంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నాకు కనిపించలేదు.

సరిచేయాలంటే ముద్రించిన పేజీ నంబర్‌ను మర్చిపోయి వరక్‌లు లెక్కపెట్టాలి. 64 పేజీలంటే 32 వరక్‌లు. తెలుగు అట్ట వైపు నుంచి వాటికి 1 నుంచి 32 వరకు నంబర్లు వేయండి. ఒక్కో వరక్‌కు రెండు ముఖాలు: తెలుగు వైపు నుంచి తిప్పేవాళ్లకు కనిపించేది ఒకటి, ఉర్దూ వైపు నుంచి తిప్పేవాళ్లకు కనిపించేది ఇంకొకటి. మొదటి వరక్, చివరి వరక్ ఖాళీగా వదిలేస్తే మిగిలేవి సరిగ్గా 30, నెలకు 30 రాత్రులు. తెలుగు ముఖం మీద వేయాల్సిన రాత్రి: వరక్ నంబర్‌లోంచి 1 తీసేయాలి. ఉర్దూ ముఖం మీద: 32లోంచి వరక్ నంబర్ తీసేయాలి. పదో వరక్ చూడండి, తెలుగు వైపు 9వ రాత్రి, వెనక ఉర్దూ వైపు 22వ రాత్రి. రెండూ కలిపితే 31. ఏ వరక్ తీసినా 31 రావాలి. డెబిట్, క్రెడిట్ కలిసినట్టు ఇది కలవకపోతే ఎక్కడో పేజీ తారుమారైందన్నమాట. ప్రెస్‌కు ఇచ్చే ముందు ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు.

ఇలా చేస్తే ఒకే పుస్తకంలో రెండు ఆటలు దొరుకుతాయి. కుడి మూలలన్నీ తెలుగు చేతివి, ఎడమ మూలలన్నీ ఉర్దూ చేతివి. ఒకదానికొకటి అడ్డు రావు. ఎటు నుంచి తిప్పినా నెల ఒకటో రాత్రితోనే మొదలవుతుంది.

ముప్పై చంద్రుళ్లను చేత్తో గీయక్కర్లేదు. చాంద్ నుంచి చాంద్‌కు సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, చుట్టూ 360 డిగ్రీలు, కాబట్టి రోజుకు 12 డిగ్రీల పైచిలుకు. నల్లటి గుండ్రంలో తెల్లటి భాగానికి ఒక అంచు ఎప్పుడూ అర్ధ వృత్తమే. రెండో అంచు నొక్కినట్టుండే వృత్తంలో సగం, ఎంత నొక్కాలన్నది ఆ డిగ్రీల కొసైన్ చెబుతుంది. ఏడో రాత్రికి 85 డిగ్రీలు, కొసైన్ దాదాపు సున్నా, అంచు నిలువు గీతలా వచ్చి సగం చంద్రుడు కనిపిస్తాడు. పదిహేనుకు 180 దాటుతుంది, నిండు చంద్రుడు. అక్కడి నుంచి అర్ధ వృత్తం అంచు ఎడమ వైపుకు మారాలి. నేను మర్చిపోయింది ఆ మార్పునే. ముప్పయ్యోది నల్లటి గుండ్రం మాత్రమే.

ఏ సాఫ్ట్‌వేర్ అంటే, లేటెక్ వచ్చినవాళ్లకు సులువు. పేజీ అడుగున ఏం రావాలో ఒక్కసారి రాసి, లెక్క కూడా అందులోనే పెట్టేస్తే ప్రతి పేజీకి దాని బొమ్మ అదే తెచ్చుకుంటుంది. కానీ ఉర్దూ పని చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఇన్‌పేజ్‌లోనే చేస్తారు. అందులో మాస్టర్ పేజీలో బొమ్మ పెడితే అన్ని పేజీల్లో అదే బొమ్మ వస్తుంది. 60 మూలల్లో చేత్తో పెట్టాలంటే విసుగు, విసుగులోంచే తప్పులు. దానికో దారి ఉంది. పుస్తకం మొత్తాన్ని తెలుగు అట్ట నుంచి వరసగా ఒక పీడీఎఫ్ చేయండి. అదే సైజులో మూలల్లో బొమ్మలు తప్ప ఏమీ లేని ఇంకో 64 పేజీల పీడీఎఫ్ చేయండి. పీడీఎఫ్‌టీకే అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మల్టీస్టాంప్ అనే కమాండ్ ఉంది. అది మొదటి పేజీ మీద మొదటిది, రెండో పేజీ మీద రెండోది అలా అచ్చేస్తుంది. రాత ఒకరు, బొమ్మ ఒకరు వేర్వేరుగా చేసుకోవచ్చు, ఒకదాంట్లో తప్పు దొరికితే రెండోది ముట్టుకోవక్కర్లేదు.

ఖర్చు గురించి అందరూ అడుగుతారు. బొమ్మ కూడా అక్షరాల నల్ల ఇంకులోనే ఉంటే అదే ప్లేట్ మీద వస్తుంది, అదనంగా పైసా పడదు. రంగు కావాలంటేనే ఇంకో ప్లేట్, ఇంకో లెక్క. మా చందా డబ్బులకు నలుపు చాలింది. చంద్రుడికి రంగెందుకు?

ఛత్తాబజార్ లాంటి చోట శుభలేఖల మధ్య మీ పుస్తకం కూడా వేయిస్తారు కాబట్టి కటింగ్ గురించి ముందే మాట్లాడుకోండి. సెంటర్ పిన్ పుస్తకంలో మడత లోపలికి పోయేకొద్దీ కాగితం కొంచెం బయటకు పొడుచుకొస్తుంది, కట్ చేసినప్పుడు మధ్య పేజీలకు అంచు ఎక్కువ పోతుంది. 64 పేజీలకు ఆ తేడా ఒక మిల్లీమీటరు దాటుతుంది. చదివేవాళ్లకు తెలియదు కానీ ఆడించేటప్పుడు చంద్రుడు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తాడు. మధ్య పేజీల్లో బొమ్మను ఆ మేరకు లోపలికి జరపమని డీటీపీ చేసేవాళ్లకు చెప్పాలి. అలాగని అన్ని పేజీల్లో మరీ లోపలికి పెడితే వేలు వదిలే వేగంలో కనపడదు. మేం అంచు నుంచి 5 మిల్లీమీటర్లు వదిలాం. పేజీ నంబర్‌ను మూలలోంచి తీసి మధ్యలో పెట్టాం. మరీ పల్చటి కాగితమైతే రెండు మూడు పేజీలు ఒకేసారి జారిపోతాయి, కొంచెం గట్టిది అడగండి.

చాంద్ ఒక్కటే ఎందుకు, ఏదైనా పెట్టొచ్చు. ప్రాణుల బొమ్మలు వద్దనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అలాంటివాళ్లకు ఎగిరే పతంగి, చాయ్ కప్పు మీద ఆవిరి, ఒక్కో అంతస్తూ లేచే మీనార్ ఉన్నాయి. నాకు నచ్చింది అక్షరం: తెలుగు మూలల్లో "అ" ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో, ఉర్దూ మూలల్లో "అయిన్" ఎలా రాస్తారో. ఖాయిదా నేర్చుకునే పిల్లలకు ఆటా అవుతుంది, చదువూ అవుతుంది. ఇదంతా మనం వేసుకునే మామూలు పుస్తకాల సంగతే. ముస్‌హఫ్ పేజీల జోలికి ఎవరూ పోరు, ఆ మాట విడిగా చెప్పాల్సిన పని లేదనుకుంటా.

ఈసారి అచ్చుకు ఇవ్వకముందే డమ్మీ కాపీ కుట్టి చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఉర్దూ వైపు నుంచి పట్టుకుని, ఎడమ బొటనవేలితో రెండుసార్లు ఆడించి చూశారు. 27వ రాత్రి దగ్గర ఆపి, వెలుగు ఏ వైపు ఉందో వేలితో తడిమారు. తల ఊపారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, టైముల పేజీ తెరిచి, గోడ మీదున్న మస్జిద్ చార్ట్‌తో ఒక్కో తారీఖు పోల్చి చూడటం మొదలుపెట్టారు.