అద్దములేని కెమెరా



సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో ఎరకసానమ్మ క్రీ.శ. 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయము మీలో పలువురు చూచియే యుందురు. ఉద్యోగవిరమణము చేసిననాటినుండి అచటి శాసనములు చదువుట నాకు వ్యసనమైనది. ఒక పంక్తిలో పకారమో వకారమో తేలని యక్షరము రెండేండ్లుగా నన్ను వేధించుచుండెను. అక్షరములు తేటపడుటకై కొందఱు సున్నము పూయుదురు. అది ఱాతికి కీడు. ఱాతిని తాకకయే చదువు నుపాయ మేదియని విచారించుచుండగా, కోదాడలోనుండు నా మనుమడు తన కెమెరాను తెచ్చెను. అది 2023లో వెలువడిన క్యానన్ ఆర్ 100. క్రొత్తగా నేర్చువారి కొఱకు చేసినది. ఇట్టివానిని మిర్రర్‌లెస్, అనగా అద్దములేని కెమెరాలందురు.

కెమెరా యను లాటిను మాటకు గది యని యర్థము. చీకటిగది గోడకు చిన్న రంధ్రము చేసిన, ఎదుటిగోడపై బయటి దృశ్యము తలక్రిందుగా పడును, యంత్రమునకు మూలమదియే. ఇప్పటికిని పలువురి చేతులలోనున్న ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో కటకము వెనుక నొక యద్దము ఏటవాలుగా నిలిచి, వెలుతురును పైకి మఱలించి మన కంటికి చూపును. మీట నొక్కగనే అద్దము పైకి లేచును. అప్పుడుగాని వెలుతురు సెన్సారును చేరదు. కావున కన్ను చూచినది యొకటి, బొమ్మలో పడినది మఱియొకటి యగుట కలదు. అద్దమును తీసివేసినచో సెన్సారే యెడతెగక చూచుచుండును. అది చూచినదే కంటియొద్దనున్న చిన్నతెరపై కనబడును గనుక, బొమ్మ నల్లబడునో తెల్లబడునో ముందే తెలియును.

ఇందు 24.1 మిలియను బిందువులు కలవు. మిర్యాలగూడలో నొక దుకాణమున ఈ సంఖ్యనే మంత్రమువలె జపించిరి. నా పనికి అంతకంటె ముఖ్యము సెన్సారు వైశాల్యము. దీని వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, ఎత్తు 14.9, ఫోనులలోని సెన్సారులకంటె ఎంతో పెద్దది. మండపపు మసకలో ఇదియే యక్కఱకు వచ్చును. ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచిన బొమ్మ వెలుగెక్కును గాని, ఇసుక చల్లినట్లు చుక్కలు లేచి అక్షరపుటంచులను మ్రింగును. అందుచే సంఖ్యను తగ్గించి, కెమెరాను కదలకుండ నిలిపి, షట్టరును నెమ్మదిగా తెఱచుటయే మేలు.

లోపములును కలవు. వెనుకతెర వంగదు, వ్రేలితో తాకిన పలుకదు. క్రింది పంక్తులకొఱకు ఈ వయస్సున నేను నేలపై బోరగిలపడితిని. తెర నిరంతరము వెలుగుచుండుటచే బాటరీ వేగముగా తఱుగును. రెండవది జేబులో నుండవలెను.

మనుమడు టార్చిదీపమును ఱాతి ప్రక్కనుండి, ఇంచుమించు దానిని రాచుకొనునట్లు పట్టెను. నేను చిన్నతెరలో అక్షరమును పెంచి చూచుచు, కొంచెము క్రిందికి, ఇంకను క్రిందికి అని చెప్పుచుంటిని. ఒక్కచోట గాడిలో నీడ నిండెను. అక్షరపు పైభాగము తెఱపిగా నుండెను. పకారమే! అప్పుడు మీట నొక్కితిని.

దాని ప్రక్క యక్షరము మాత్రము ఱాయి పెచ్చూడిపోయినందున ఏ దీపమునకును దొరకలేదు.