కూడలి గుడులు – దూలముమీది వ్రాత

మన షోలాపురమునకు దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, సీనానది భీమానదిలో కలియు చోట, హత్తర్‌సంగ్ కూడల్ అను చిన్న యూరు కలదు. కుంఠా నాకా ప్రాంతమున కాపురముండు మనవారు తుల్జాపురమునకు, పండరిపురమునకు తరచుగా పోవుచుందురు గాని, ఈ యూరు చూచినవారు తక్కువ. కర్ణాటకములో కృష్ణా మలప్రభల కలయికయందుండు బసవేశ్వరుని కూడలసంగమము వేరు, ఇది వేరు. పేరు ఒకటియగుటకు కారణము సులభమే. నదులు కూడు చోటు కూడలి. కన్నడమువారి 'కూడల్', మన 'కూడలి' ఒక్క ధాతువునకు పుట్టిన బిడ్డలు. మహారాష్ట్రమునందలి యీ యూరి పేరు మన పిల్లలకు నిఘంటువు లేకయే తెలియగలదు.

ఇచట రెండు గుడులు గలవు. సంగమేశ్వరుని గుడిలో నేటికిని పూజలు జరుగుచున్నవి. హరిహరేశ్వరుని గుడి మాత్రము శిథిలమై మట్టిలో పూడియుండెను. 1999లో త్రవ్వకములు జరిపినప్పుడు అందొక విచిత్రమైన శివలింగము బయటపడినది. దాని చుట్టును 359 చిన్న ముఖములు చెక్కబడియున్నవి. లింగమునుగూడ లెక్కించి 360 అందురు.

ఇట్టి పాత రాతిగుడిని చూడగానే మన ప్రాంతమున 'హేమాడపంతి' అనుట వాడుక. హేమాద్రి పండితుడు దేవగిరి యాదవులకు మంత్రి, 13వ శతాబ్దమువాడు. సంగమేశ్వరాలయమందలి శాసనము శక 940, అనగా క్రీ.శ. 1018 నాటిది. అప్పుడు పాలించినవాడు పశ్చిమ చాళుక్యుడైన జయసింహుడు. మంత్రి పుట్టుటకు రెండువందల ఏండ్లు ముందటి కట్టడమునకు ఆయన పేరు పెట్టుట సరికాదని మా యభిప్రాయము.

ఆ కాలపు కట్టుబడిలో రాళ్ళనడుమ సున్నము లేదు. ఒక రాతిలో గాడి, మరియొక దానిలో ముడుపు చెక్కి ఒకదానినొకటి పట్టుకొనునట్లు అమర్చెడివారు. పైరాతి బరువే క్రిందిరాతిని నిలుపును. పడుగు బిగువుగానుంటేనే పేక నిలుచునని యెరిగిన మన నేతవారికి ఈ కిటుకు విప్పి చెప్పనక్కరలేదు. కప్పునకు కమాను కట్టరు. ఒక్కొక్క వరుస రాళ్ళను కొంచెము కొంచెముగా లోపలికి ముందుకు జరిపి, చివర మిగిలిన సందును ఒక్క పలకతో మూయుదురు. ఒక్క రాయి తీసిన ప్రక్కదాని పట్టు సడలును. ఇంటి పునాదులకని ఊరివారు రెండు రాళ్ళు మోసికొనిపోయినందుననే ఎన్నో గుడులు కూలినవి.

ఇక అసలు విషయము. సంగమేశ్వరాలయమునందు ఒక దూలముమీద చిన్న శాసనము కలదు. దాని చివరి మాటల భావము ఇది: దీనిని చదివినవాడు విజయము పొందును. ఆ మాటలు మరాఠీలో నున్నవి. సంవత్సరము గల మరాఠీ శాసనములలో ఇదియే మొదటిదని పెక్కురు పండితులు చెప్పుదురు. అలీబాగు దగ్గరి అక్షీ శాసనము శక 934 నాటిదని, అదియే పాతదని మరికొందరందురు. ఆ తగవు పండితులది. మాకు ముఖ్యముగా తోచినది వేరు. చాళుక్యుల కొలువులో కన్నడమునకు పెద్దపీట, విద్వాంసులకు సంస్కృతము. ఐనను చదువరిని పలుకరించి దీవించవలసి వచ్చినప్పుడు, వ్రాయించినవాడు ఇంటిలో మాటలాడు భాషనే ఎన్నుకొనెను.

మన భాషకును ఇట్టి రాళ్ళు గలవు. కడపజిల్లా కలమళ్ళలో రేనాటి చోడుడగు ఎరికల్ ముత్తురాజు తెలుగు శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది. మనలో అనేకుల పూర్వులు వదలివచ్చిన కరీంనగర్ ప్రాంతముననే కురిక్యాల యను ఊరు గలదు. అక్కడి బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును ఒక్క బండపై చెక్కించెను. తెలుగులో వ్రాసినవి కంద పద్యములు. మూడు భాషలు బిడ్డలకు భారమగునని మాతో మొరపెట్టుకొను తల్లిదండ్రులు ఈ బండను ఒకసారి తలచుకొందురు గాక.

సెలవురోజున బిడ్డలను కూడలికి తీసికొనిపోవువారికి ఒక సూచన. అక్షరములు కనబడుటకు వానిపై సుద్దగాని నూనెగాని పూయరాదు. దీపమునో టార్చినో ఎదుట పట్టక ప్రక్కనుండి పట్టిన, గాట్లలో నీడ నిలిచి ఒక్కొక్క అక్షరము తేలివచ్చును. అప్పుడు పెద్దలు చదివి చెప్పక, మన బడిలో నేర్చిన మరాఠీ అక్షరములలో ఎన్ని పోల్చుకొనగలరో బిడ్డలనే చూడనిండు.