వార్తల్లో పదం: మైక్రోసిస్టిన్

నీలి ఆకుపచ్చ నాచు తయారుచేసే విషాల్లో ముఖ్యమైనది మైక్రోసిస్టిన్. పేరుకు నాచే గానీ, నిజానికి ఇవి సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు. ఎరువులు, మురుగునీటి ద్వారా భాస్వరం, నత్రజని జలాశయాల్లో చేరి, ఎండ కూడా తోడైతే ఇవి విపరీతంగా పెరిగి నీటిపై పచ్చగా తెట్టు కడతాయి.

మైక్రోసిస్టిన్ ప్రధానంగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ఈ విషం కలిసిన నీటితో డయాలిసిస్ చేయడంతో సుమారు 50 మంది రోగులు మరణించారు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో, ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీటిని తాగవద్దని 4 లక్షల మందికి పైగా ప్రజలను హెచ్చరించారు.

మరిగిస్తే ఈ విషం పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. నాచును మందు చల్లి చంపినా కణాలు పగిలి విషం నీటిలో కలుస్తుంది. అందుకే శుద్ధి కేంద్రాల్లో ముందుగా కణాలను చెక్కుచెదరకుండా వడకట్టి, తర్వాత ఉత్తేజిత కార్బన్, ఓజోన్ వంటివి వాడతారు. దీర్ఘకాలం తాగే నీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ అనే రకం లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

చెరువులోకి మురుగు చేరకుండా ఆపడమే అసలైన రక్షణ. పచ్చని తెట్టు కట్టిన నీటిని పిల్లలకు, పశువులకు దూరంగా ఉంచాలి.